గిన్నెలు మార్చే దెయ్యం

సరస్సు పక్కన, చర్చి వాళ్లు నడిపే వేసవి క్యాంపులో, మట్టిపని నేర్పే రేకుల షెడ్డు ఒకటుంది. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. టోపీ మర్చిపోయినా, చెప్పులు మర్చిపోయినా తెల్లారాకే తెచ్చుకుంటారు. రాత్రిపూట అక్కడ కుమ్మరి సారె దానంతట అదే తిరుగుతుందని పేరు పడిపోయింది.

కాలితో తన్ని తిప్పే పాత సారె అది. తన్ను పడితే — టప్. ఆ తర్వాత బరువుగా... గిర్ర్... గిర్ర్... గిర్ర్... నెమ్మదించే వేళకి మళ్లీ — టప్.

ఆ సారె మా తమ్ముడిది. తిప్పే దెయ్యం కూడా వాడేనంటారు.

ఆ మాట అన్నవాళ్ల మొహాలు నాకు గుర్తున్నాయి. ఒక్కటీ మర్చిపోలేదు, మర్చిపోను కూడా. ఇప్పుడు చెప్పేది మాత్రం మా తమ్ముడి భార్యకి, అంటే మా మరదలికి, ఆ షెడ్డులో ఎదురైన సంగతి. ఆమె చెప్పగా విన్నాను. ఇందులో నేను కలిపింది లేదు, తీసింది లేదు. అబద్ధం నా నోట రాదు. చిన్నప్పటి నుంచీ అంతే.

ముందు మా తమ్ముడి సంగతి తెలియాలి.

ఏటా సెలవుల్లో ఆ క్యాంపుకి పిల్లలు వస్తారు. పొద్దున బైబిలు పాఠం, ఆ తర్వాత పడవ నడపడం, బాణాలు వేయడం, కొవ్వొత్తులు పోయడం, పాటలు. మధ్యాహ్నం మా తమ్ముడి దగ్గర మట్టిపని. చేతికి బురద అంటుతుందని మూతి విరిచిన పిల్లలే, రెండు రోజులయ్యేసరికి, వాడు తలుపు తీయకముందే వచ్చి గడప దగ్గర కూర్చునేవాళ్లు. ఒక్కొక్కరూ ఒక గిన్నె చేసి, అడుగున పుల్లతో పేరు గీసి, బల్ల మీద ఆరబెట్టి పోతారు. ఆరినవాటిని ఆవంలో కాల్చి, ఆఖరి రోజున ఎవరివి వాళ్లకిస్తారు.

పిల్లల పని కదా, మట్టి సరిగ్గా పిసకరు. అడుగు మందంగా వదిలేస్తారు. ఆరేటప్పుడు కొన్ని బీట వారతాయి. బీట వారినదాన్ని ఆవంలో పెడితే పెంకులే మిగులుతాయి.

మా నాన్న దగ్గర మేమిద్దరం కలిసే పని నేర్చుకున్నాం. బీట చూపించి, ఎందుకు వారిందో చెప్పి, మళ్లీ చేయించాలి. అదీ పద్ధతి. నేనైతే అదే చేసేదాన్ని, ఏడ్చినా సరే. వాడి తీరు వేరు. పిల్లలు పడుకున్నాక షెడ్డుకి పోయి, బీట వారిన గిన్నె ఎదురుగా పెట్టుకుని, అచ్చం అలాంటిదే ఇంకోటి చేసేవాడు. మామూలుగా వాడిది కుడిచేతివాటం. ఈ పని మాత్రం ఎడమచేత్తో చేసేవాడు, వంకర తిరగాలని. సొట్టలు, చిన్న వేళ్ల నొక్కులు, తిరగబడ్డ అక్షరాలతో పేర్లు... అన్నీ దించి, బీట వారినదాన్ని మట్టి నానేసే తొట్టిలో పడేసేవాడు. తెల్లారాక పిల్లలు చూసుకుని "నాది బాగా ఆరింది" అని మురిసేవాళ్లు. ఏళ్లు గడిచినా ఒక్కరూ కనిపెట్టలేదు.

ఒక ఏడు ఒక పిల్ల చేతులు కడుక్కుందామని, పాత మట్టి నానేసే తొట్టిలో చేయి పెట్టింది. తన పేరున్న గిన్నె, సగం కరిగి, చేతికొచ్చింది. తల తిప్పి చూస్తే బల్ల మీద — అదే పేరుతో ఇంకో గిన్నె.

ఆ పిల్ల ఏడుపు క్యాంపు నడిపే డైరెక్టరమ్మ గది దాకా వినపడింది.

"దేవుడి చోట మోసమా?" అందావిడ. "పిల్లలందరి ముందూ నిలబడి ఒప్పుకోవాలి. లేదా రేపటి నుంచి రానక్కర్లేదు."

వాడు రానని చెప్పేద్దామనుకున్నాడు. మా మరదలు ఆపింది. ఆమె కూడా ఆ క్యాంపు వంటింట్లోనే గిన్నెలు తోముతుంది. "ఒప్పుకుంటే మీ ఒంటి మీద మాంసం ఊడిపోతుందా? ఒక్క మాట అనేసి వచ్చేయండి," అంది.

అనేశాడు. సాయంత్రం ప్రార్థన దగ్గర, మంట చుట్టూ పిల్లలు కూర్చుని ఉండగా, మట్టి చేతులు కడుక్కుని నిలబడి, "నేను మీకు అబద్ధం చెప్పాను" అన్నాడు. చిన్నపిల్లలకి అర్థం కాక, పాట పాడినవాళ్లకి కొట్టినట్టు చప్పట్లు కొట్టారట.

ఆ తర్వాత వాడు మట్టి ముట్టలేదు. చలికాలంలో ఊపిరితిత్తులకి జబ్బు చేసి పోయాడు. సమాధి మీద మట్టి ఆరకముందే నేను మా మరదలితో చెప్పాల్సింది చెప్పాను. "వాణ్ణి జబ్బు చంపలేదు, నీ మాట చంపింది. నా గుమ్మం తొక్కకు."

ఆమె తొక్కలేదు.

తర్వాతి వేసవికి కొత్త టీచరు వచ్చింది, కరెంటు చక్రాలతో. మా తమ్ముడి సారె బండరాయిలా బరువు, ఎవరూ కదపలేక మూల వదిలేసి గోనె కప్పారు. కొద్ది రోజులకే పుకారు మొదలైంది. రాత్రి సారె తిరుగుతోందని పెద్దపిల్లలు చెప్పుకున్నారు. సాయంత్రం బీటతో కనపడిన గిన్నె పొద్దున నిక్షేపంగా ఉందని కొత్త టీచరే చెప్పింది. చెప్పి, ఇక ఒంటరిగా షెడ్డు తలుపు తీయనంది.

కుమ్మరి తిరిగొచ్చాడన్నారు. మోసం చేసి చచ్చినవాడికి శాంతి ఎక్కడిదన్నారు. ఏళ్లు గడిచినా అదే మాట.

వంటాయనకి వేళాకోళం ఎక్కువ. "ఏమ్మాయ్, మీ ఆయన రాత్రి డ్యూటీ చేస్తున్నాడటగా! జీతం నీ చేతికే ఇస్తున్నాడా, లేక దాచుకుంటున్నాడా?"

మా మరదలు గిన్నె తోమడం ఆపలేదు. "ఈసారి కనపడితే నాకు చెప్పు బాబాయ్. ఆయనతో ఒక మాట ఉంది," అంది.

వంటాయన గరిటె తీసుకుని పొయ్యి దగ్గరికి పోయాడట.

ఈ వేసవిలో... క్యాంపు సగం గడిచాక... ఒక రాత్రి వంటింటి పని ఆలస్యమైంది. గేటు దాకా పోవాలంటే షెడ్డు ముందు నుంచే దారి. వెన్నెల లేదు. చేతిలో టార్చి మిణుకు మిణుకుమంటోంది.

షెడ్డు దగ్గరికొచ్చేసరికి — టప్.

ఆమె నిలబడిపోయింది.

గిర్ర్... గిర్ర్... గిర్ర్...

టార్చి ఆర్పేసింది. కాళ్లు గేటువైపు పోలేదు. భయం వేయలేదా అని అడిగాను. "వేసింది వదినా. కానీ అంతకంటే... లోపల ఆయన లేకపోతే ఎలా అని భయం వేసింది," అంది.

తలుపు ఓరగా ఉంది. తడిమట్టి వాసన. బల్ల కింద ఒత్తి తగ్గించిన లాంతరు. ఆ వెలుతురు నేల మీదే ఆగిపోయింది, పైకి రావడంలేదు. మూలనున్న గోనె తీసేసి ఉంది. సారె ముందు ఒక మనిషి... అటు తిరిగి... వంగి... తల మీంచి శాలువా.

ఆ వంగడం చూసింది మా మరదలు. అంతే, గడప దాటి మోకాళ్ల మీద కూలబడింది.

"ఏమండీ..."

వీపు కదల్లేదు. సారె తిరుగుతూనే ఉంది.

"ఇటు తిరగకండి. తిరిగితే నేను చెప్పలేను..." తల వంచుకుంది. "మీరు తప్పు చేయలేదు. పిల్లలు ఏడవకూడదని చేశారు, అంతే. ఒప్పుకోమని నేనే మిమ్మల్ని మంట దగ్గరికి తోశాను. ఆ రాత్రి మీరు అన్నం ముందు కూర్చుని చేతులు చూసుకుంటుంటే... నా వల్లేనని తెలిసీ మాట్లాడలేదు. పోయేదాకా మాట్లాడలేదు. నన్ను..."

సారె నెమ్మదించింది. కాలు మళ్లీ తన్నలేదు.

గిర్ర్... గిర్ర్...

ఆగిపోయింది.

శాలువా కింద భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నట్టు. మా మరదలు మోకాళ్ల మీదే ముందుకు జరిగి, చేయి చాచి, ఆ వీపు తాకింది.

వెచ్చగా ఉంది.

శాలువా జారింది. మనిషి ఇటు తిరిగింది.

డైరెక్టరమ్మ.

మోచేతుల దాకా మట్టి. ఒళ్లో బీట వారిన పిల్లల గిన్నె. సారె మీద దానికి జత, ఇంకా తడిగా. వంకర తెప్పించడానికి మా తమ్ముడు ఎడమచేయి వాడాల్సి వచ్చేది. ఈవిడకి ఆ కష్టం లేదు, కుడిచేత్తో చేసినా వంకరే వస్తుంది.

ఆవిడ ఒళ్లోని గిన్నె తీసి బల్ల మీద పెట్టింది.

"ఆయన పోయాక మొదటి ఏడు... ఒక తల్లిలేని పిల్ల," అని గొణిగింది డైరెక్టరమ్మ. "ఆ గిన్నె అమ్మమ్మకిస్తానని రోజూ వచ్చి చూసుకునేది. బీట వారింది. దానికెలా చెప్పను?"

"మా ఆయనా అందుకే చేశాడమ్మగారూ."

"తెలుసు."

డైరెక్టరమ్మ మా మరదలి చేయి పట్టుకుంది. ఆ మట్టి ఈమె మణికట్టుకీ అంటింది. "ఎవరికీ చెప్పకమ్మా. పిల్లల ముందు నా మాటకి విలువ పోతుంది."

భర్త కోసం ఏళ్ల తరబడి కడుపులో దాచుకున్న మాట... విన్నది ఆవిడ. పైగా దాచమంటోంది.

మర్నాడు సాయంత్రం ప్రార్థన. మంట చుట్టూ పిల్లలు. ఒక పిల్ల చేయెత్తింది. "రాత్రి మళ్లీ సారె తిరిగిందండీ. అది కుమ్మరి దెయ్యమేనా?"

వంటింటి తలుపు దగ్గర మా మరదలు చేతిలో గిన్నెతో నిలబడిపోయింది. చెబుతుంది. ఇప్పుడు చెబుతుంది. మా ఆయన నిలబడిన చోటే నిలబడి ఉంది కదా, చెప్పకుండా ఎలా ఉంటుంది... అనుకుందట పిచ్చిది.

డైరెక్టరమ్మ మంటకేసి చూసింది. అప్పటిదాకా దెయ్యాలు లేవని పిల్లలకి పాఠం చెప్పిన మనిషి.

"రాత్రిళ్లు ఆ షెడ్డు వైపు ఎవరూ వెళ్లకండి," అంది. "చనిపోయినవాళ్ల గురించి మాట్లాడుకోవద్దు. రండి, పాట పాడుకుందాం."

పాడారు. గొంతెత్తి పాడారు. గోళ్ల సందుల్లో మట్టి ఉన్న చేతులతో ఆవిడే తాళం వేసింది.

ఆ రాత్రే మా మరదలు నా గుమ్మంలోకొచ్చింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. తలుపు పట్టుకుని నిలబడే అంతా విన్నాను. ఆ షెడ్డులో దెయ్యం లేదని తేలిపోయింది. ఉన్న మనిషేమో పగలు తల దువ్వుకుని, పిల్లలకి నిజం చెప్పడం నేర్పుతోంది. చెడ్డపేరు మాత్రం మావాడిది.

చెప్పడం అయిపోయాక కూడా ఆమె కదల్లేదు.

"వదినా... వీపు అటు ఉన్నా, మనిషి వేరైనా... ఆ సారె ఆయనదే కదా. నేనన్న మాట ఆయనకి చేరి ఉంటుందా?"

మొహం చూశాను. చేరిందని ఒక్క మాట అంటే చాలు, ఆ రాత్రికి నిద్రపోతుంది. అది నాకు తెలుసు.

"లేదు," అన్నాను.

ఎదుటివాళ్ల మనసు నిలబెట్టడానికి అబద్ధం ఆడగలిగినవాడు మా ఇంట్లో వాడొక్కడే.