కడుపులో దొరికిన రొయ్యలు

శనివారం సాయంత్రం 4:10. బూదికోట మామిడితోటలో, ప్లాస్టిక్ షీటు పరిచిన నీళ్ళగుంటలో రైతు మునేష్ శవం తేలింది.

ఉదయం 10:40కి ఆ గుంట గట్టు మీదే భార్య రత్నతో గొడవపడ్డాడు. 11:10 బస్సుకు ఆమె నంగలి పుట్టింటికి వెళ్ళిపోయింది. తోసేసి పారిపోయిందని ఊరు తేల్చేసింది. కడుపులో చిన్న రొయ్యలు చూసి, గుంట నీళ్ళతో మింగినవే అన్నాడు పోస్ట్‌మార్టం డాక్టరు. ఆదివారం సాయంత్రం రత్న అరెస్టయింది. సోమవారం ఐదింటికి కోర్టు.

"గంజి కూడా ముట్టకుండా పోయినాడు సార్." రత్నది ఒకటే మాట. గొడవ దేనికంటే మాత్రం నోరు విప్పదు.

ఎస్.ఐ. జయరాంకు మనసొప్పలేదు. సోమవారం పొద్దున్నే ఆ రొయ్యల శాంపిల్ పట్టుకుని కేజీఎఫ్ కాలేజీకి వెళ్ళాడు. జువాలజీ లెక్చరర్ పుష్పావతి మైక్రోస్కోప్ మీదకు వంగింది.

"ఇది గుంట రొయ్య కాదప్పా."

"ఎట్ల చెప్తారు మేడం?"

"గుంట రొయ్యకు నడిచే కాళ్ళు ఐదు జతలు. దీనికి మూడే."

"విరిగిపోయినాయేమో?"

"విరిగితే మొదళ్ళన్నా ఉండాల. చివరి రెండు జతలకు అవీ లేవు. ఇది ఏసిటిస్. సముద్రంలోది."

"బూదికోటలో సముద్రం యాడ ఉండాది?"

"సంతలో ఉండాది. ఎండబెట్టి రొయ్యపొట్టని అమ్ముతారే, అదే."

జయరాం ఉలిక్కిపడ్డాడు. మునేష్ పోయింది శ్రావణ శనివారం. ఆ పల్లెలో ఏ పొయ్యి మీదా నీసు ఉడకదు.

3:30. గుంట గట్టు. పక్క గుడిసెలో ఉండే మునేష్ తల్లి హనుమక్కను పిలిపించాడు. లేడీ కానిస్టేబుల్ పక్కన రత్న నిలబడింది.

"అమ్మా, శనివారం కొడుకును చూసినావా?"

"లేదప్పా. చెప్తిని కదా."

"మరి శవం మీద పడి, కడుపునిండా తిని పోతివే నాయనా అని ఎట్ల ఏడ్చినావు?"

హనుమక్క గుంట వైపు చెయ్యి చూపింది.

"ఒంటిగంటకు ఆకలని వచ్చినాడప్పా. రొయ్యపొట్టంటే వానికి ప్రాణం. శనివారమని తెలిసీ వేయించి పెట్టినా. ఊరికి తెలిస్తే మానం పోతాదని, నీసు వాసన, గుంటలో చెయ్యి కడుక్కోని రా అని నేనే పంపినా."

ఒంటిగంటకు రత్న ఊళ్ళోనే లేదు. షీటు నిండా నాచు. దాని మీద పైకి పాకబోయిన గోళ్ళ గీతలు. అవి అందరూ చూసినవే. జారితే ఆ షీటు మీద పట్టు దొరకదు.

జయరాంకు ఒళ్ళు మండింది. "కోడలు లాకప్‌లో ఉంటే కూడా చెప్పలేకపోయినావా?"

"నా తప్పుకే దేవుడు బిడ్డను తీసుకున్నాడు. అది నా నోటితో ఎట్ల చెప్పేది?"

రత్న అత్తనే చూస్తోంది. జయరాం వైపు తిరిగింది.

"ఆ పొద్దు గొడవ దానికే సార్. రొయ్యపొట్టు వేయించమన్నాడు. శనివారం నేను పెట్టను పో అన్నాను. చచ్చిపోయినోని పరువు తీసేది ఎందుకని నేనూ చెప్పలేదు."