కట్ట కడుపులో

చీకటి పడితే ఆ ఇనుప తలుపు వైపు మా వీధి కుక్కలు కూడా వెళ్ళవు. నవ్వకండి. ఓ వాన రాత్రి వెళ్ళి చూసొచ్చి, అప్పుడు నవ్వండి.

మా వీధికి ఎగువన వరద కట్ట ఉంది. పెద్దదేం కాదు. ఏడాదిలో సగం రోజులు దాని వెనక చుక్క నీరుండదు, పిల్లలు బంతాట ఆడుకుంటారు. కొండ మీద గట్టి వాన పడిందా, ఒక్క రాత్రిలో నిండిపోతుంది. ఆ నీళ్ళని పట్టి ఆపి, మెల్లగా వదలడమే దాని పని. అది తెగితే మా వీధి ఉండదు.

ఆ కట్ట కడుపులో ఒక సొరంగం ఉంది. మనిషి వంగి నడవాలి. గోడల పొడుగునా చిన్న చిన్న బెజ్జాలు. కట్ట అడుగున ఊరే నీరు ఆ బెజ్జాల్లోంచి కారి, మధ్యలో ఉన్న కాలువలో పడి బయటికి పోవాలి. పోనివ్వకపోతే ఆ నీరు అడుగున బిగిసి, కట్టనే పైకి ఎత్తేస్తుందట. సొరంగానికి ఒకటే తలుపు... ఇనుపది. గడియ బయటి వైపు ఉంటుంది.

వాన పడ్డ రాత్రుళ్ళు ఆ తలుపు వెనక నుంచి చప్పుడు వచ్చేది. టక్... టక్... టక్... ఎవరో లోపల వేలి కణుపులతో గోడని కొడుతున్నట్టు.

అది మా బావేనని వీధంతా గుసగుసలు. నా ముందు మాత్రం ఎవరూ అనేవాళ్ళు కాదు. నా నోరంటే భయం కదా!

మా బావ, అంటే మా అక్క మొగుడు, ఆ కట్టకి గేటు మనిషి. రోజూ సాయంత్రం గాజు గ్లాసు పట్టుకుని సొరంగంలోకి వెళ్ళేవాడు. ఒక్కో బెజ్జం కిందా గ్లాసు పట్టి, దీపానికి ఎదురుగా పెట్టి చూసేవాడు. నీరు తేటగా ఉంటే భయం లేదు. బురదగా ఉంటే కట్ట కింద మట్టి కోసుకుపోతోందన్నమాట. చూసుకుని, బయటికొచ్చి, కట్ట మీద నుంచి మా వీధి వైపు ఒక్క కేక వేసేవాడు — "తేటే!" ఆ కేక విన్నాకే మేం పక్కలు పరుచుకునేవాళ్ళం.

అలాంటి మనిషిని పొట్టన పెట్టుకున్నది పూతాయన. కట్టకి మరమ్మతులు చేయించే కాంట్రాక్టర్. ఏ పగులు కనిపించినా పైన సిమెంటు పూత పూసి చేతులు దులుపుకుంటాడని మా వీధి వాళ్ళు పెట్టిన పేరది. తనిఖీకి ఇంజినీర్లు వస్తున్నారని తెలియగానే, సొరంగంలో తడి కనిపించకూడదని బెజ్జాల్లో చెక్క బిరడాలు కొట్టించి, పైన పూత పూయించేశాడు! నీరు కారడానికే పెట్టిన బెజ్జాలవి. ముక్కు కారుతోందని ముక్కు మూసేస్తారటండీ ఎవరైనా? ఇంజినీర్లు వచ్చారు, నేల పొడిగా ఉందని మెచ్చుకుని వెళ్ళిపోయారు.

ఆ ఏడే పెద్ద వాన పట్టింది. బావ బిరడాలు పీకడానికి లోపలికి వెళ్ళాడు. వెనక బిగిసిపోయిన నీటికి ఒక బిరడా ఎగిరొచ్చి నుదుటికి తగిలింది. బోర్లా పడ్డాడు, మోకాటి లోతు కాలువలో. పొద్దున్న దాకా ఎవరూ చూసుకోలేదు.

తాగి పడ్డాడని చెప్పాడు పూతాయన. దగ్గుమందు పుచ్చుకుంటేనే కళ్ళు తిరిగే మనిషి మా బావ! ఆఫీసు వాళ్ళు ఆ మాటే నమ్మారు. బావ బిరడాలు పీకిన బెజ్జాలకి మళ్ళీ బిరడాలు పడ్డాయి. ఎంత గుండె ఉండాలండీ ఆ పని చెయ్యడానికి?

మా అక్క ఏడవలేదు. కట్ట ఆఫీసులోనే ఊడ్చే పనికి చేరింది. "ఆ పాపిష్టి మొహాన్ని రోజూ ఎలా చూస్తావక్కా?" అన్నాను, ఒళ్ళు మండి. "చూడాలనే చేరాను" అంది.

ఇక్కడి నుంచి నేను చూసింది కాదు. పూతాయన నోటితో పూతాయనే చెప్పాడు, కనపడ్డ ప్రతివాడికీ, ఇక ఆపవయ్యా అన్నా ఆపకుండా.

మళ్ళీ తనిఖీ వచ్చింది. తెల్లవారితే ఇంజినీర్లు వస్తారు. సొరంగంలో ఒక బిరడా పక్క నుంచి చెమ్మ దిగుతోంది. చీకటి పడ్డాక లోపలికి వెళ్ళమంటే కూలీ ఒక్కడూ కదల్లేదు. తిట్టాడు, బతిమాలాడు. చివరికి తనే సిమెంటు డబ్బా, తాపీ, టార్చిలైటు పట్టుకుని బయల్దేరాడు. అప్పటికే కొండ మీద ఉరుములు.

లోపల చలి. తన అడుగుల చప్పుడే వెనక నుంచి ఎవరో వస్తున్నట్టు వినిపించిందట. చెమ్మ దగ్గర గొంతుక్కూర్చుని పూత మొదలుపెట్టాడు.

టక్.

చెయ్యి ఆగిపోయింది.

టక్... టక్... గోడ లోపలి నుంచే.

"ఎవరది?" అందామనుకున్నాడు. టార్చి గోడ మీదికి తిప్పాడు.

అప్పుడు వెనక తలుపు కదిలింది. దబాలున కాదు — మెల్లగా, కిర్రుమంటూ... మూసుకుంది. ఆ తర్వాత గడియ పడింది.

పూతాయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తి తలుపు మీద పడ్డాడు. బాదాడు, అరిచాడు, కనిపించని వాళ్ళకి దండాలు పెట్టాడు. బయట వాన దంచుతోంది. ఎవరూ పలకలేదు. ఆ కంగారులో టార్చి చేతిలోంచి జారి ఆరిపోయింది.

కటిక చీకటి. ఆ చీకట్లో... గాజు గ్లాసు గోడకి తగిలిన చప్పుడు.

టార్చి వెలిగింది. వెలిగి, నేల మీంచి దానంతటదే పైకి లేచింది. ఆ వెలుగులో గ్లాసు ఒక్కటే కనిపిస్తోంది. గ్లాసు నిండా నీళ్ళు... బురద నీళ్ళు.

"చూశావా?" అంది ఒక గొంతు, చెవి పక్కనే.

"తప్పయిపోయింది... నన్ను వదిలెయ్..."

"పీకు."

చేతిలో గునపం పడింది. తను తెచ్చుకున్నది కాదది. పూత పగలగొట్టి బిరడా కదిపాడు. అది చెవిని రాసుకుంటూ పోయి ఎదుటి గోడకి తగిలి రెండు ముక్కలైంది. వెనకే బురద నీరు ఉరికింది.

"ఇంకోటి."

నుదుటికి తగులుతుందని భయపడి మొహం పక్కకి తిప్పుకునేవాడట. తిప్పుకున్నప్పుడల్లా ఒక చల్లటి చెయ్యి గడ్డం పట్టుకుని, మొహాన్ని తిన్నగా బెజ్జానికి ఎదురుగా తిప్పేదట. గోళ్ళు ఊడొచ్చాయి. నీరు మోకాళ్ళు దాటింది.

"చచ్చిపోతానయ్యా..."

"నేను పోలేదా?"

ఇక పూతాయన అరవడం మొదలుపెట్టాడు — "బురద! బురదొస్తోంది!" కాలువ బయటికి పోయే తూములోంచి ఆ కేక మా వీధి దాకా వచ్చింది. నా చెవులతో నేను విన్నాను. పిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్ళని రెక్క పట్టుకుని, అందరం మిట్ట మీదికి పరుగెత్తాం. మిట్ట మీద ఎంత వెతికినా మా అక్క కనపడలేదు. ఆ రాత్రి నేను పడ్డ నరకం పగవాళ్ళకి కూడా వద్దు.

తెల్లారింది. కట్ట నిలబడే ఉంది. బెజ్జాలన్నీ ధారగా కారుతున్నాయి, నీరు తేటపడుతోంది. ఇంజినీర్లు వచ్చి తలుపు తోస్తే తెరుచుకుంది, గడియ తీసే ఉంది. పూతాయన మోకాళ్ళ మీద పాకుతూ బయటికొచ్చాడు. "బెజ్జాలు మూయించింది నేను. అతను తాగలేదు. నేనే చంపాను" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. జాలేసిందా అని అడగకండి. నా కడుపు చల్లబడింది.

ఆ మధ్యాహ్నం అక్క నా దగ్గరికి వచ్చింది. కట్టుకున్న చీర ఇంకా నీళ్ళోడుతోంది. ఎక్కడికి చచ్చావని కేకలేశాను, తర్వాత పట్టుకుని ఏడ్చాను.

"గడియ పెట్టింది నేనేనే" అంది.

నేను కళ్ళు తుడుచుకుని తన మొహంలోకి చూశాను.

"ఆ టక్ టక్ చప్పుడు దెయ్యమూ కాదు, భూతమూ కాదు. బిరడాల వెనక నీరు బిగిసి కొట్టుకుంటే వచ్చే చప్పుడు. మీ బావే చెప్పాడు నాకు. వాడు లోపలికెళ్ళడం చూశాను, గడియ పెట్టాను, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. అరుపులు ఆగాక తీశాను."

"కట్ట తెగితే ముందు నువ్వే పోయేదానివి కదక్కా!"

"పోతే పోయేదాన్ని."

"మరి ఆ గునపం? నువ్వే ఇచ్చావా?"

"తలుపు తియ్యకుండా ఎలా ఇస్తానే?" అంది, విసుగ్గా.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పొద్దున్న పూతాయన ఇంకో మాట కూడా చెప్పాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ గొంతు తనతో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో తలుపు వైపు తిరిగిందట. తిరిగి, బయట ఎవరో ఉన్నట్టు, మెత్తగా అందట — "అప్పుడే తియ్యకే చిట్టీ, ఇంకా ఉన్నాయి." ఆ చిట్టి ఎవరో తనకి తెలీదన్నాడు. ఎలా తెలుస్తుంది? నాలుగు గోడల మధ్య మా బావ మా అక్కని పిలిచే పిలుపది. వీధిలో నాకు తప్ప ఎవరికీ తెలీదు.

ఆ మాట అక్కకి చెప్పనా, మాననా అని నేను నలిగిపోతున్నాను. తను చీర కొంగు పిండుకుంటూ కూర్చుంది.

"మధ్యలో ఒకసారి మనసు ఆగలేదే" అంది. "ఎంత పాపిష్టివాడైనా అలా అరుస్తుంటే వినలేకపోయాను. లేచి గడియ మీద చెయ్యి కూడా వేశాను."

"వేసి... మరి తియ్యలేదేం?"

అక్క నా వైపు వింతగా చూసింది.

"మీ బావ వద్దన్నాడుగా."