లక్షో కారు

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు టెస్ట్ ట్రాక్ మీద మూడో రౌండ్ మొదలుపెట్టిన బ్యాటరీ బాబాయి నాలుగో రౌండ్ చూడలేదు.

కంపెనీలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆ ఎలక్ట్రిక్ కార్లకు గుండెకాయ లాంటి బ్యాటరీ ప్యాక్‌ని డిజైన్ చేసింది ఆయనే. టెస్ట్ డ్రైవర్‌ని పక్కకు నెట్టి స్టీరింగ్ తనే పట్టుకోవడం ఆయనకు సరదా. ఆ రోజు రెండో మలుపు దగ్గర కారు కింద నుంచి తెల్లటి పొగ సన్నగా, వేడి టీ మీది ఆవిరిలా లేచింది. కంట్రోల్ రూమ్ రేడియోలో ఆయన గొంతు వినిపించింది.

"డోర్ రావట్లేదు. అబ్బాయ్, డోర్లు నాలుగూ రావట్లేదు..."

తర్వాత గరగరమన్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

కంపెనీ రిపోర్టులో రెండే ముక్కలు రాశారు: డ్రైవర్ పొరపాటు.

*

మర్నాడు ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లోకి కళ్ళద్దాల మనిషి ఒకడు వచ్చాడు. రిసెప్షనిస్ట్ తలెత్తకుండా అడిగింది.

"నొప్పి ఏ వైపు?"

"నొప్పి లేదు. పన్నే లేదు."

ఆమె బల్ల కింద బటన్ నొక్కింది. వెనక గోడలో తలుపు తెరుచుకుంది.

అతని కోడ్ పేరు ఫ్యూజ్. సీక్రెట్ సర్వీస్ అధిపతి, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, స్వయంగా పెట్టిన పేరు. "తేడా వస్తే ముందు మాడాల్సింది నువ్వే" అని అర్థం కూడా ఆయనే చెప్పాడు.

"కూర్చో" అన్నాడు పెద్దాయన. ప్రొజెక్టర్ మీద ఒక రేకుల షెడ్డు బొమ్మ పడింది. "పదకొండేళ్ళ క్రితం ఇదీ కంపెనీ. పన్నెండు మంది మనుషులు, ఒక వెల్డింగ్ మెషీన్. ఇవాళ ఆరు వేల మంది, రెండు ప్లాంట్లు. వచ్చే శుక్రవారం లక్షో కారు బయటికొస్తుంది. అదే రోజు సామాన్యుడు కొనగలిగే చిన్న కారుకి బుకింగ్ ఓపెన్. నలభై దేశాల కెమెరాలు వస్తున్నాయి. అది సక్సెస్ అయితే మూడో ప్లాంట్, ఇంకో తొమ్మిది వేల ఉద్యోగాలు."

"కాకపోతే?"

"స్టేజీ మీద ఒక్క కారు తగలబడితే చాలు. ఆ ఊళ్ళో సగం ఇళ్ళలో పొయ్యి వెలగదు."

బాబాయి చావు వెనక ఉన్నది విదేశీ ముఠా. ఫైళ్ళలో దాని పేరు సిండికేట్. బయటి దేశాల్లో బ్యాటరీల వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న గుంపు.

పెద్దాయన ప్లాస్టిక్ కవర్లో పోస్టుకార్డంత మాడిన రేకును చూపించాడు. "బాబాయి కారులో దొరికింది. రేడియో సిగ్నల్ అందగానే ముందు డోర్లు లాక్ చేస్తుంది. తర్వాత ప్యాక్ కరెంటునే తాగి వేడెక్కుతుంది. నూట ముప్ఫై డిగ్రీలు దాటిందా, ఆపడం ఎవరి తరమూ కాదు."

"మరి డ్రైవర్ పొరపాటు అని రాశారేంటి సార్?"

"మేమే రాయించాం. సిండికేట్ అప్రమత్తం కాకూడదని."

పెద్దాయన కవర్‌ని పక్కన పెట్టాడు. 

"లోపల మన మనిషి ఉంది. వెల్వెట్. కంపెనీలో ఇన్వెస్టర్ రిలేషన్స్ హెడ్. సిండికేటే ఆమెను అక్కడ పెట్టింది, రెండేళ్ళ క్రితం మన వైపు తిప్పుకున్నాం. ఫైనాన్స్ చదువు, మెషీన్ల గురించి ఓనమాలు కూడా రావు. అయితే ఆమె చెవిన పడని విషయం ఉండదు. నీ కవర్ ఏంటంటే..." పెద్దాయన కాస్త ఆగాడు. "బ్యాటరీ ప్యాక్ లైన్‌లో ట్రైనీ. అక్కడ మీ అక్క లీడ్ ఆపరేటర్ కదా?"

"అక్కని ఇందులోకి లాగొద్దు సార్."

"లాగట్లేదు. ఆమె ఎప్పటి నుంచో అక్కడే ఉంది. లక్షో కారుని స్టేజీ మీదకి నడిపేది కూడా ఆవిడే."

*

ఆ పన్నెండు మందిలో అక్క ఒకతి. తమ్ముడు డిగ్రీ చదవాలని తను పదో క్లాసుతో ఆపేసి షెడ్డులో చేరింది. ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్ వాడు. అక్క లెక్కలో వాడు మంటలార్పే సిలిండర్లు అమ్మే సేల్స్‌మన్. ఉద్యోగం పోయిందని చెప్పగానే సూపర్‌వైజర్ కాళ్ళావేళ్ళా పడి వాణ్ణి లైన్‌లో వేయించింది. ఆ బతిమాలడం ఫ్యూజ్ పక్క గది నుంచి విన్నాడు. విని ఊరుకున్నాడు.

మొదటి రోజే మూత తెరిచిన ప్యాక్ మీదకి వంగగానే మోచేతి మీద స్పానర్ పిడి ఠపీమని తగిలింది.

"ఎడం చెయ్యి ఏది?"

"ఇదిగో ఉందిగా అక్కా."

"ఉందని నాకూ తెలుసు. వెనక్కి పెట్టు. నడుము మీద. ఇది నాలుగొందల వోల్టులు రా, టార్చిలైటు కాదు. రెండు చేతులూ పెడితే కరెంటు ఒక చేత్తో ఎక్కి, గుండెలో దూరి, రెండో చేత్తో దిగుతుంది. ఒక్క చెయ్యే ఉంటే బతికే చాన్స్ ఉంటుంది. బాబాయి నేర్పిన మొదటి పాఠం."

పక్క స్టేషన్ ఆమె నవ్వింది. "మీ అక్క ఇంట్లో స్విచ్ వేసినా ఎడం చెయ్యి వెనక్కే పోతుంది. ఏం దాస్తున్నావే అని మీ బావ రోజూ తగువు."

"దాచడానికి ఆయన ఏం తెచ్చిచ్చాడని!" అంది అక్క. అని, ట్రాక్ వైపున్న కిటికీకేసి చూసి టక్కున నవ్వు ఆపేసింది. "అంత జాగ్రత్త మనిషి పొరపాటు చేశాడంటార్రా. నా చేతులు నరికినా నమ్మను."

ఫ్యూజ్ బోల్టు బిగిస్తూ తల దించుకున్నాడు. 

*

బుధవారం లక్షో కారు ప్యాక్‌కి మూత వేసే కార్యక్రమం. వెల్వెట్ ఫొటోగ్రాఫర్లను వెంటబెట్టుకొని వచ్చింది. ఆకుపచ్చ సూటు, హైహీల్స్. లైన్‌లో స్క్రూడ్రైవర్లు ఓ క్షణం ఆగిపోయాయి.

"అబ్బో, ఈ ఆరెంజ్ వైర్లన్నీ ఏంటండీ? నాకైతే ప్లస్ ఏదో మైనస్ ఏదో కూడా తెలీదు" అంటూ అక్క పక్కన నిలబడి ప్యాక్ లోపలికి వేలు చూపించింది. ఫ్లాష్‌లు వెలిగాయి. మూత పడింది, సీలు పడింది.

వెళ్తూ వెళ్తూ ట్రైనీ దగ్గర ఆగింది. "ఇక్కడ వాన ఎప్పుడు పడుతుంది?"

"గొడుగు మర్చిపోయిన రోజు." అది కోడ్.

ఆమె గొంతు తగ్గించింది. "ప్లాన్ మారింది. ఈసారి రేకు కాదు, సాఫ్ట్‌వేర్. శుక్రవారం పదకొండుకి సర్వర్ రూమ్ మీద దాడి. మీ వాళ్ళందర్నీ అక్కడ పెట్టమనండి."

"నిజమేనా?"

"బాబాయి నాకూ బాబాయే" అంది. కళ్ళలో నీళ్ళు నిజంగానే తిరిగాయి.

*

శుక్రవారం. పది గంటల యాభై రెండు నిమిషాలు.

సర్వర్ రూమ్ చుట్టూ ఇరవై మంది ఏజెంట్లు. ఫ్యూజ్ ఆడిటోరియంలో, కార్మికుల వరుసల పక్కన. స్టేజీ మీద ఛైర్మన్ భవిష్యత్తు చూపిస్తున్నాడు. ఐదేళ్ళలో పది లక్షల కార్లు, మూడో ప్లాంట్, సొంత సెల్ ఫ్యాక్టరీ. గీత ఎడమ నుంచి కుడికి కొండెక్కినట్టు పైకి పోతోంది. తర్వాత తెర మీద ఫొటోలు మొదలయ్యాయి. షెడ్డు. మొదటి కారు. ఆ తర్వాత బుధవారం నాటి ఫొటో.

ప్యాక్ మీదకి వంగిన ఇద్దరాడవాళ్ళు. నీలం యూనిఫామ్‌లో అక్క. ఆకుపచ్చ సూటులో వెల్వెట్. ఇద్దరి కుడిచేతులూ ప్యాక్‌లో ఉన్నాయి.

ఇద్దరి ఎడమచేతులూ నడుము వెనక ఉన్నాయి.

ఫ్యూజ్ ఆ రెండు చేతుల్నీ మార్చి మార్చి చూశాడు. ప్లస్ మైనస్ తెలియని మనిషికి ఆ చెయ్యి వెనక్కి పోదు. ఆ అలవాటు పుస్తకం చదివితే రాదు, లైన్ మీద నెలల తరబడి తిట్లు తింటే వస్తుంది. పైగా ఊరికే వేలు చూపించేవాళ్ళు చెయ్యి దాచుకోరు. పని చేసేవాళ్ళే దాచుకుంటారు.

అంటే ఆ క్షణంలో ఆమె పని చేస్తోంది.

మొదటి వరుసలోకి చూశాడు. వెల్వెట్ పౌడర్ డబ్బా తెరిచి, అద్దంలో ముఖం చూసుకొని, టక్కుమని మూసింది. డబ్బా అంచున చిన్న ఎర్ర లైటు మెరిసి ఆరింది. లేచి తూర్పు గేటు వైపు నడిచింది, తొందరేమీ లేకుండా.

"సార్" అన్నాడు కాలర్ మైకులో, పరిగెడుతూనే. "వెల్వెట్ మనది కాదు. తూర్పు గేటు. సర్వర్ రూమ్ ఉత్త నాటకం. రేకు అక్క కారులో ఉంది."

"ముందు ఆమెను పట్టుకో! సిండికేట్ గుట్టంతా ఆమె దగ్గరే ఉంది!"

"మీరు పట్టుకోండి" అని చెవిలోని యంత్రం పీకి పారేశాడు.

తెర వెనక ర్యాంప్ మీద తెల్లటి కారు. స్టీరింగ్ ముందు కొత్త యూనిఫామ్‌లో అక్క, తల దువ్వుకొని, బొమ్మలా కూర్చొని ఉంది. గాలి కోసం అద్దం రెండు వేళ్ళంత దించుకుంది. ఫ్యూజ్ కళ్ళద్దాల కాడ నొక్కాడు. అవి చత్వారం అద్దాలు కావు, వేడిని చూపించే థర్మల్ గ్లాసెస్. కారు అడుగున, ప్యాక్‌లోని మూడో మాడ్యూల్ దగ్గర, ఎర్రటి చుక్క. పక్కన అంకె: తొంభై ఆరు.

డోర్ లాగాడు. రాలేదు.

"ఏంట్రా? నీకిక్కడేం పని? లోపలికెళ్ళు, సూపర్‌వైజర్ చూస్తాడు!"

"అక్కా, వెనక సీటు కింద సర్వీస్ ప్లగ్ లాగు. వెంటనే."

"మతి పోయిందా? అది లాగితే ప్యాక్‌లో కరెంటు మధ్యకి తెగిపోతుంది. కారు చస్తుందిరా, అందరి ముందూ!"

"లాగకపోతే నువ్వు చస్తావ్. ఆ రోజు బాబాయికి రాని డోరే ఇది. తీసి చూడు."

అక్క హ్యాండిల్ లాగింది. రాలేదు. ఇంకో వైపు లాగింది. ముఖంలో రంగు మారింది. నూట తొమ్మిది.

"నీకెలా తెలుసు?"

"నేను సిలిండర్లు అమ్మలేదక్కా. ఎప్పుడూ అమ్మలేదు." అద్దం సందులోకి వేళ్ళు దూర్చాడు. "బాబాయిని చంపారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే నీ పక్కన నిలబడి బోల్టులు బిగించాను."

అక్క వాడి ముఖంలోకి చూసింది. అబద్ధం ఆడేటప్పుడు వాడు ఎలా ఉంటాడో, ఆడనప్పుడు ఎలా ఉంటాడో ఆమెకి తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలీదు. నూట పందొమ్మిది.

"గ్లవ్స్ లేవు" అంది.

"తెలుసు."

సీట్ల మధ్య నుంచి వెనక్కి దూరింది. సీటు దిండు పీకి పడేసింది. ఆరెంజ్ రంగు పిడి కనిపించింది. నూట ఇరవై ఐదు. బయట సంగీతం ఒక్కసారిగా పెరిగింది, తెర కదిలింది. అక్క ఎడమచెయ్యి నడుము వెనక్కి మడిచింది. కుడిచేత్తో పిడి పట్టుకుని, పళ్ళు బిగించి, తిప్పి, లాగింది.

నూట ఇరవై తొమ్మిది.

నూట ఇరవై తొమ్మిది.

నూట ఇరవై ఎనిమిది.

తెర పైకి లేచింది. నలభై దేశాల కెమెరాల ముందు లక్షో కారు ప్రాణం లేకుండా నిలబడి ఉంది. వెనక సీటులో ఒకామె ఆరెంజ్ ప్లగ్ చేత్తో పట్టుకుని ఆయాసపడుతోంది.

ఛైర్మన్ రెండు సెకన్లు నోరు తెరవలేదు. చెవిలోని యంత్రంలో పెద్దాయన గొంతు వినబడగానే తెరిచాడు.

"చూశారా! ఏ ప్రమాదం వచ్చినా ఒక్క మనిషి, ఒక్క చేత్తో మా కారుని ఆపగలదు. ఇదీ మా సేఫ్టీ!"

హాలు చప్పట్లతో మోగిపోయింది.

*

తూర్పు గేటు దగ్గర చేతులకి బేడీలతో వెల్వెట్ ఒకే ప్రశ్న అడిగింది. "ఎలా కనిపెట్టావు?"

"మీరు మంచి పనివాళ్ళు మేడమ్. అక్కడే దొరికారు."

ఆమె నవ్వబోయి మానేసింది. "నాలుగేళ్ళు లైన్ మీద చేశాను, మా ఊళ్ళో. ఆ ప్లాంట్ మూసేశారు" అని వ్యాన్ ఎక్కింది.

సాయంత్రం లాకర్ రూమ్‌లో అక్క బూట్లు విప్పుకుంటోంది. ప్లగ్ దగ్గర కాలిన కుడి అరచేతికి కట్టు. తమ్ముడు తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"రిపోర్టు మారుస్తారా? బాబాయి పొరపాటు కాదని?"

"మార్చరక్కా. మారిస్తే ఈ రోజు జరిగింది కూడా చెప్పాలి. చెబితే కారు ఎవరూ కొనరు."

"ఐదేళ్ళ తర్వాత కంపెనీ ఎక్కడుంటుందో అంత పెద్ద తెర మీద చూపించారు. ఆయన ఫొటో ఒక్కటి పెట్టలేదు." లేసు ముడి ఎంతకీ రావడం లేదు. వాడు వంగి విప్పబోయాడు. ఆమె కాలు వెనక్కి లాక్కుంది.

"ఆయన భార్యకి నువ్వే వెళ్ళి చెప్పు. ఆవిడ రోజూ నన్నే అడుగుతోంది, మా ఆయన తాగి నడిపాడా అని."

"నాకు పర్మిషన్ లేదక్కా."

"నిన్ను పర్మిషన్ అడగలేదు."

ఆమె మళ్ళీ లేసు ముడి పట్టుకుని లాగింది. 

"రేపు పొద్దున్న వెళ్తాను" అన్నాడు చివరికి. ఉద్యోగం పోతే ఈసారి నిజంగానే పోతుందని వాడికి తెలుసు.

ఆమె కాలు ముందుకి చాపింది. వాడు ముడి విప్పుతుండగా జేబులో ఫోన్ మోగింది. పెద్దాయన మెసేజ్. వాడు చదివి తల పట్టుకున్నాడు.

"ఏంటట?"

"బుకింగులు డెబ్భై వేలు దాటాయి. అందులో ఒకటి సిండికేట్ వాళ్ళదే, దొంగ పేరుతో. కారు తీసుకెళ్ళి విప్పి, లోపల ఏముందో చూసుకుంటారట. డెలివరీకి పద్నాలుగు నెలలు ఆగాలి."

అక్క కట్టు ఉన్న చేతిని ఓసారి మూసి, తెరిచి చూసుకుంది.

"ఆ కారు నా స్టేషన్‌కి పంపించమను" అంది. "బోల్టులు నేనే బిగిస్తా. విప్పాలంటే వాళ్ళ తాతలు దిగి రావాలి."