తూర్పు గ్యాలరీ వెనకిల్లు

"ఎవరప్పా నువ్వు? మా గోడకు రంగు పూస్తాండావు?"

దమ్మామ్‌లో రెండేళ్లకు పైగా ఉన్నాక నా చెవిన పడిన మొదటి కడప ఆడగొంతు అది. నా చేతిలో ఎర్ర రంగు డబ్బా, బ్రష్షు. గోడ మీద అప్పటికే పెద్ద ఇంటూ గుర్తు పెట్టేశాను. తలుపు సందులో దుపట్టా సర్దుకుంటూ నిలబడ్డ అమ్మాయి నా వైపు చూడటం లేదు, ఆ గుర్తు వైపే చూస్తోంది.

"సర్వే మార్కింగ్," అన్నాను. "స్టేడియం పెద్దది చేస్తారంట. తూర్పు గ్యాలరీ ఇంతవరకు వస్తాది."

"మా గోడ దాకా వస్తాదా, గోడ మీదికే వస్తాదా?"

అబద్ధం చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. "మీదికే," అన్నాను.

ఆమె లోపలికి వెళ్లి తడిగుడ్డ తెచ్చి, నా కళ్లెదుటే ఆ గుర్తును రుద్దింది. పచ్చి రంగు కదా, పోలేదు సరికదా గోడంతా ఎర్రగా అంటుకుంది. "రేపొచ్చి మళ్లా పూసుకో," అని తలుపేసుకుంది. తొంభైరెండు నవంబరు. నా పేరు జబీవుల్లా, ఊరు ప్రొద్దుటూరు, పని కొలవడం, గీయడం. కొలతల్లో తప్పు పోని నేను ఆ రోజు ఆ తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డానో మాత్రం చెప్పలేను.

నేను సౌదీలో దిగిన నెలకే కువైట్ గొడవ మొదలైంది. యుద్ధంలో సైరన్ మోగినప్పుడల్లా మా క్యాంపులో పదహారు మందిమి ఒకే గదిలో గోడకు ఆనుకుని కూర్చునేవాళ్లం. ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకునేవాళ్లం. యుద్ధం ముగిశాక ఊరంతటికీ భయం లేకుండా గట్టిగా అరవడానికి ఒక చోటు కావలసి వచ్చినట్టుంది. అందరూ ఫుట్‌బాల్ మీద పడ్డారు. క్లబ్ పేరు ఎందుకులెండి. స్టేడియంలో తొమ్మిదివేల సీట్లు. సీజన్ టికెట్లు రెండురోజుల్లో అయిపోయాయి. దొరకనివాళ్ల వెయిటింగ్ లిస్టు ఆరువేలు దాటింది. ఆరువేల మంది బయట నిలబడితే గ్యాలరీ పెంచక ఏం చేస్తారు?

పెంచాలంటే తూర్పు వైపే ఖాళీ ఉంది. ఆ వైపు క్లబ్ స్టాఫ్ క్వార్టర్లు నాలుగు. మూడిళ్లలో బ్యాచిలర్లు. నాలుగో ఇంట్లో టికెట్ కిటికీ దగ్గర పనిచేసే నబీ రసూల్, భార్య సురయ్యా, కూతురు ఆసిఫా. మైదుకూరు వాళ్లు. ఇల్లు ఉంది కాబట్టే ఆయనకు ఫ్యామిలీ వీసా. ఇల్లు పడగొడితే ఆయనకో మంచం ఇస్తారు, తల్లీకూతుళ్లకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తారు.

ఇదంతా నాకు మర్నాడు నబీ రసూలే చెప్పాడు. గోడ పాడుచేసినవాణ్ణి తిట్టడానికి రాలేదు, భోజనానికి పిలవడానికి వచ్చాడు. "మన జిల్లా పిల్లోడివి, క్యాంపు కూడు తింటాండావు. శుక్రవారం మా ఇంటికి రా అబ్బీ. సంగటి చేస్తాది మీ అత్త."

అలా ఆయన మామ అయ్యాడు, సురయ్యమ్మ అత్త అయింది. ఆసిఫా మాత్రం గోడ విషయం మరిచిపోలేదు.

"వచ్చినాడమ్మా రంగులోడు," అనేది పరదా వెనక నుంచి. "సంగటి ముద్ద కూడా కొలిచి పెట్టు."

మా ఇంజనీరు నాకు ఇంకో పని కూడా అప్పగించాడు. ఎనిమిది మ్యాచ్‌లకు వెళ్లి, వచ్చిన జనాన్ని వరసల వారీగా లెక్కపెట్టాలి. ప్రాజెక్టు వస్తే నన్ను సూపర్‌వైజర్ చేస్తానన్నాడు. సూపర్‌వైజర్ అంటే ఫ్యామిలీ వీసా. రాకపోతే నా కాంట్రాక్టు అక్కడితో సరి, నేనూ ఎగ్జిట్. ఆ రెండు మాటలూ వినగానే నా మనసు ఎటు పోయిందో దాచను. ఆ గోడ కూలితేనే నేను ఆసిఫాను అడగగలిగే మనిషినవుతాను.

మొదటి మ్యాచ్ అయ్యాక వాళ్లింటికి వెళ్తే ఆసిఫా అడిగింది, "ఎంతమంది వచ్చినారు ఈ పొద్దు?"

"నువ్వు చెప్పు."

"అయిదువేలకు పైన ఉండరు."

నా కాగితంలో నాలుగువేల తొమ్మిదివందలు ఉంది. ఆడవాళ్లకు స్టేడియంలోకి ప్రవేశం లేదు. ఆమె ఒక్క మ్యాచ్ కూడా చూసి ఎరగదు. అయినా నాలుగేళ్లుగా ఆ గోడ ఇవతల కూర్చుని వింటోంది.

"ఎట్ల తెలిసె?"

"గోల్ పడితే మా వంటింట్లో గిన్నెల మూతలు కదల్తాయి. ఈ పొద్దు కదల్లేదు."

నవ్వాను గానీ, ఆ నవ్వు చివరిదాకా రాలేదు. సీట్లన్నీ అమ్ముడైపోయాయి, బయట ఆరువేలమంది ఎదురుచూస్తున్నారు, లోపల సగం ఖాళీ. రెండో మ్యాచ్ అంతే. మూడోదీ అంతే. ఖాళీల సంగతి నాకు తొందరగానే అర్థమైంది. అక్కడి పెద్దమనుషులు టికెట్లు తమకోసం కొనరు. మజ్లిస్‌కు అంటే వాళ్ల ముందు గదికి వచ్చిన అతిథి "మ్యాచ్‌కు పోదామా" అంటే లేదనాల్సి రాకూడదని ఒక్కొక్కరు పాతిక సీట్లు తీసి ఉంచుకుంటారు. అతిథి రాకపోతే పాతికా ఖాళీ. ఇంటి నిండా వండి పెట్టుకోవడం లాంటి మర్యాద అది. మరి ఆరువేల పేర్ల సంగతేమిటి?

డిసెంబరులో ఒక సాయంత్రం వాన పట్టుకుంది. దమ్మామ్‌లో వానంటే ఏడాదికి రెండో మూడో రోజులు. కాలవలు లేని వీధులు కాబట్టి మోకాలు లోతు నీళ్లు. నేను వాళ్ల వరండాలో ఇరుక్కుపోయాను. సురయ్యమ్మ లోపల సెనగపిండి కలుపుతోంది. ఆసిఫా గుమ్మంలో పీట వేసుకుని తండ్రి తెచ్చిన వెయిటింగ్ లిస్టు రిజిస్టరును శుభ్రంగా తిరగరాస్తోంది. నబీ రసూల్‌కు చూపు మందగించింది. ఖురాను చదువుకున్న పిల్ల కాబట్టి అరబ్బీ పేర్లు ముత్యాల్లా రాస్తుంది.

వానను చూస్తూ తమాషాకే అన్నాను. "ఆరువేల మందిలో సగం మంది పుట్టినారో లేదో. మీ నాయన పేర్లు యాడినుంచి తెస్తాండాడు?"

ఆమె కలం ఆగింది. "మా నాయన దొంగా?"

"నేనట్ల అన్లేదు."

"అన్నావు. మా ఇల్లు కొలిచినావు, ఇప్పుడు మా నాయన్ని కూడా కొలుస్తాండావు."

రిజిస్టరు మూసి లోపలికి వెళ్లిపోయింది. నీళ్లలో తడుచుకుంటూ క్యాంపుకు పోయాను. రెండు శుక్రవారాలు నాకు పిలుపు రాలేదు. ఆ రెండు వారాల్లో తెలిసింది, ఆ పిల్ల లేని చోట నాకు కూడు కూడా సయించదని.

మూడో శుక్రవారం నబీ రసూలే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఆయన నమాజుకు లేచాక ఆసిఫా పరదా పక్కన నిలబడి, కొత్త నోటుబుక్కు ఒకటి నా వైపు జరిపింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్కో పేరు ఒక్కసారే రాసినా. పదకొండు వందల నలభై. రెండువారాలు పట్టింది."

"ఆరువేలు ఎట్లయినాయి మరి?"

"నాయన ఎవరికీ లేదని చెప్పడు. కిటికీ కాడికి ఎవరొచ్చి అడిగినా 'రాసుకుంటాలే, చూద్దాంలే' అంటాడు, వాళ్ల ముందరే పేరు రాస్తాడు. వాళ్లు సంతోషంగా పోతారు. మళ్లా వారం వస్తారు, మళ్లా రాస్తాడు. ఒకాయన పేరు ముప్పైసార్లుండాది."

"చెప్పలేదా నువ్వు?"

"చెప్పినా. తాను వచ్చిన కొత్తల్లో నాలుగు నెలలు కిటికీ కిటికీకి తిరిగినాడంట. యాడికి పోయినా మొహం మీదనే లేదు పో అన్నారంట. తన కిటికీ కాడ ఆ మాట ఎవరూ వినగూడదంటాడు."

ఆ నోటుబుక్కు నా ఒళ్లో ఉంది. బరువేం లేదు గానీ ఎత్తబుద్ధి కాలేదు.

"ఇది క్లబ్బులో ఇస్తే నాయన ఉద్యోగం పోతాదేమో," అంది ఆసిఫా. "ఇయ్యకపోతే ఇల్లు పోతాది, మేం పోతాం. ఇస్తే నువ్వు పోతావు. నాకు తెలుసు సూపర్‌వైజర్ సంగతి. నాయన కాడ చెప్పినావు కదా."

"మరి నాకెందుకిస్తాండావు?"

"నువ్వు లెక్క తప్పు రాయవని."

ప్రేమిస్తున్నానని ఆమె ఎప్పుడూ అనలేదు. ఆ మాట అన్నప్పుడే అనేసిందని నేను అనుకుంటాను.

ఆయన ఉప్పు తింటూ ఆయన వెనక నుంచి ఆ పుస్తకం తీసుకెళ్లి ఇవ్వడం నావల్ల కాదు. నమాజు నుంచి రాగానే నబీ రసూల్ ముందే పెట్టాను. నా తలల లెక్క కూడా పక్కన పెట్టాను. ఆయన అద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు. కూతురి రాత గుర్తుపట్టాడు. సంగటి చల్లారిపోయింది.

"చూద్దాంలే," అన్నాడు చివరికి.

ఆ మాటతో నాకు ఆశ పోయింది.

శనివారం క్లబ్ కమిటీ. ముదీర్ అంటే మేనేజరు, అబూ నాసర్ అని పెద్దాయన, బల్ల చివర కూర్చున్నాడు. మా ఇంజనీరు డ్రాయింగులు పరిచాడు. నేను గోడవార నిలబడ్డాను. నబీ రసూల్‌ను రిజిస్టరుతో పిలిపించారు.

"ఆరువేల రెండువందలు," అన్నాడు ముదీర్ సంతోషంగా. "నబీ, వీళ్లందరికీ సీట్లు కావాలి కదా?"

అడిగింది యజమాని. కావలసిన జవాబు ఏదో గదిలో అందరికీ తెలుసు. నబీ రసూల్ కొత్త నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు.

"లా," అన్నాడు. అరబ్బీలో లేదు అని. పద్నాలుగేళ్లలో ఆ గదిలో ఆయన నోట ఆ మాట ఎవరూ విని ఉండరు. "లేదు సాబ్. అంతమంది లేరు. లేదని చెప్పలేక నేనే రాసుకున్నా. తప్పు నాది. పాప రాసింది మాత్రం నిజం."

ముదీర్ నోటుబుక్కు తిరగేశాడు. నా వైపు తిరిగి తలల లెక్క అడిగాడు. మా ఇంజనీరు నన్ను చూస్తున్నాడు. నా ఫ్యామిలీ వీసా ఆ కాగితంలో ఉందని నాకు తెలుసు. ఎనిమిది మ్యాచ్‌ల లెక్కా ఉన్నదున్నట్టు చదివాను.

గ్యాలరీ కట్టలేదు. రెండు మ్యాచ్‌లకు మనిషి రాని సీటును లిస్టులో ఉన్నవాళ్లకు ఇవ్వాలని నిర్ణయించారు. కొందరు పెద్దమనుషులు మొహం ముడుచుకున్నారని తర్వాత విన్నాను. ఇల్లు నిలిచింది. నబీ రసూల్‌ను ఉద్యోగం నుంచి తీసేయలేదు గానీ కిటికీ నుంచి తీసి గేటు దగ్గర వేశారు. ఆయనకు ఆ కిటికీ అంటే ప్రాణం.

నాకు ఎగ్జిట్ కాగితం వచ్చింది. మూడు వారాలు గడువు. ప్రొద్దుటూరులో మా చిన్నాయన దగ్గర ఇళ్ల ప్లాన్లు గీసే పని ఉంది, అంతకన్నా చెప్పుకోవడానికేం లేదు. అయినా చివరి శుక్రవారం దాకా ఆగితే ధైర్యం చాలదని ఆ వారమే అడిగేశాను.

"మామా, ఆసిఫాను నాకియ్యండి."

సురయ్యమ్మ గరిటె చప్పుడు ఆగింది. నబీ రసూల్ నన్ను ప్రేమగా చూశాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "నీలాంటోడు యాడ దొరుకుతాడు అబ్బీ. చూద్దాంలే."

లేదంటే లేదని తెలిసేది. ఈయన చూద్దాంలే అంటే ఔననా, లేదంటే బాధపడతానని అలా అన్నాడా?

పరదా కదిలింది. ఆసిఫా బయటికి వచ్చింది. తండ్రి ఉండగా పరదా దాటి నా ఎదుటికి రావడం అదే మొదలు.

"నాయనా, నా పేరు మీద కూడా లిస్టుండాది కదా. నీ చెల్లెలి కొడుక్కు చూద్దాంలే అన్నావు. రాజంపేట వాళ్లకు అన్నావు. పోయినేడు బద్వేలు మాస్టరు కాడా అన్నావు. ముగ్గురూ ఊర్లో నాకోసరం కాచుకోనుండారు. ఈయన నాలుగో పేరా?"

నబీ రసూల్ తల దించుకున్నాడు. "వాళ్ల మనసు నొప్పించలేక అన్నానమ్మా."

"నా మనసు?" అంది ఆసిఫా. గొంతు పెద్దది చేయలేదు. "నాకు ఈయనే కావాల. వద్దంటే వద్దని చెప్పు, ఏడ్చి గమ్మునుంటా. చూద్దాంలే అని మాత్రం అనొద్దు."

సురయ్యమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూతురి పక్కన నిలబడింది. "నేనూ అదే అడుగుతాండా," అంది.

అప్పుడాయన కాగితాలు, కలం అడిగాడు. ఆసిఫా రాస్తానని కూర్చోబోతే వద్దన్నాడు. కాగితాన్ని కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని, తానే రాయడం మొదలుపెట్టాడు. మొదటి ఉత్తరం రాజంపేటకు, రెండోది బద్వేలుకు. మా పాపను మీకు ఇవ్వలేము, మమ్మల్ని క్షమించండి. అంతే, రెండే మాటలు. అయినా ఒక్కో ఉత్తరానికి పావుగంట పట్టింది. మూడోది సొంత చెల్లెలికి. కలం పట్టుకుని ఆగిపోయాడు.

"బాధపడదా అది?"

"పడతాది నాయనా," అంది ఆసిఫా.

ఆయన రాశాడు. మూడూ మడిచి నా చేతిలో పెట్టాడు. "నువ్వు పోతాండావు కదా. దారిలో పోస్టులో వేయొద్దు. వాళ్లిండ్లకు పోయి చేతికియ్యి. తిడితే నన్ను తిట్టమను."

"మరి ఈ అబ్బికేం చెప్తావు?" అంది సురయ్యమ్మ.

నబీ రసూల్ అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"ఇస్తాండా," అన్నాడు. "నా బిడ్డను నీకే ఇస్తాండా. రంజాన్ అయినాక వస్తాం."

ఆసిఫా ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు, సిగ్గుపడలేదు కూడా. ఊరికి రాగానే ఆ మూడు ఇళ్లకు వెళ్లాను, మూడుచోట్లా తిట్లు తిన్నాను. రాజంపేటలో మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. బస్సులో తిరిగొస్తుంటే నాకు ఒక్కసారి కూడా భయం వేయలేదు. నబీ రసూల్ ఇస్తానన్నాడు కాబట్టి వాళ్లు వస్తారు.