నేను రాను నాన్నా

ఆ గురువారం పొద్దున హెర్మెలిందా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కాఫీ కాగింది. రొట్టెలు, అవకాడో ముక్కలు బల్లమీద ఉన్నాయి. ఇల్లుగలావిడ సొయిలా స్నానం చేసి వచ్చేదాకా ఆమె దేన్నీ ముట్టుకోలేదు.

“నాకోసం ఆగావా అక్కా? చల్లారిపోలా?”

“నిన్నడక్కుండా ఎలా పోసుకుంటాను?”

సొయిలా కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టింది. రెండు కప్పుల్లో కాఫీ పోసింది.

ఇద్దరిదీ పెరూలో ఒకటే ఊరు. ఇక్కడ అమెరికాలో, పాటర్సన్ ఊరి చర్చిలో మళ్ళీ కలుసుకున్నారు. పోయిన నెల ఒక ఆదివారం ప్రార్థన అయిపోయినా హెర్మెలిందా బెంచీ మీంచి లేవలేదు. ఇంటికి వెళ్ళాలంటే భయంగా ఉందని మాత్రం అంది. సొయిలా కారణం అడగకుండా తన ఇంటికి తీసుకొచ్చేసింది.

ఆ భయం కన్నకొడుకు వల్లే. విల్మర్ అమెరికా పౌరుడయ్యాక, బిడ్డను చూసుకోవడానికి తల్లిని విజిటర్ వీసా మీద పిలిపించాడు. గడువు తీరేలోగా గ్రీన్ కార్డుకు కాగితాలు పెడతానన్నాడు. పెట్టలేదు, గడువు దాటిపోయింది. భార్య బిడ్డను తీసుకుని వెళ్ళిపోయాక ఇంట్లో తల్లీకొడుకులే మిగిలారు. అతను ఏనాడూ చెయ్యెత్తలేదు. పులుసులో ఉప్పెక్కువైతే వారం పాటు మాట్లాడేవాడు కాదు. ఆమె బతిమాలితే, ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి ఒక్క ఫోన్ చేశానంటే నిన్ను పట్టుకుని విమానమెక్కిస్తారు అనేవాడు. తాళాలు కనబడకపోయినా, లైటు వెలుగుతూ ఉండిపోయినా, ముసలిదానికి మతి పోయిందనేవాడు. పోయిందేమోనని ఆమె కూడా నమ్మడం మొదలుపెట్టింది.

సొయిలా ఆమెను ఒక లాయరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళింది. పౌరుడైన కొడుకు తల్లిని ఇలా బాధపెడితే, అతని సాయం లేకుండానే ఆమె కాగితాలు పెట్టుకోవచ్చని, కొట్టకపోయినా ఇదీ హింసేనని లాయరమ్మ చెప్పింది. హెర్మెలిందా అడిగింది ఒక్కటే, మా అబ్బాయిని జైల్లో పెడతారా అని. అలాంటిదేమీ ఉండదు, ఈ దరఖాస్తు సంగతి అతనికి చెప్పరు కూడా అందావిడ. అయినా కొడుకు మీద చెప్పడానికి నోరెలా వస్తుందని హెర్మెలిందా ఇంటికొచ్చి ఏడ్చింది. చివరికి సరేనంది. దరఖాస్తుకు కావలసిన నివేదిక కోసం ఇవాళ మధ్యాహ్నం మానసిక వైద్యురాలితో మాట్లాడాలి.

కాఫీ తాగుతుండగా తలుపు చప్పుడైంది. తీస్తే విల్మర్. అమ్మ ఇక్కడుందని ఎవరో చెప్పారట. గడ్డం పెరిగిపోయి, పనిబట్టల్లోనే వచ్చాడు.

“పద అమ్మా. నా పరువు తీసింది చాలు.”

హెర్మెలిందా కాళ్ళు వాటంతటవే చెప్పుల వైపు కదిలాయి. సొయిలా అడ్డుపడలేదు. పక్కనొచ్చి నిలబడింది, అంతే.

“నీకు తెలీదు పిన్నీ. ఈవిడకి మతి నిలకడ లేదు. ఏదో ఒకరోజు నీ ఇల్లు తగలబెడుతుంది.”

“నెల్లాళ్ళుగా ఈ ఇంట్లో వంటంతా ఆవిడదేరా,” అంది సొయిలా.

విల్మర్ వినిపించుకోలేదు. “వస్తావా అమ్మా, ఫోన్ చెయ్యనా?”

ఆ మాట వింటే ఎప్పుడూ ఆమె అతను చెప్పినట్టే చేసేది. ఇవాళా ఒక చెప్పు తొడుక్కుంది. రెండోది చేత్తో పట్టుకుని, కొడుకు మొహంలోకి చూసింది. చిక్కిపోయాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఒడి దిగేవాడు కాదు. వాడిమీద ప్రేమ ఇసుమంతైనా తగ్గలేదు. ఆ ఇంట్లో మాత్రం ఇక బతకడం తనవల్ల కాదు. రెండూ నిజమేనని ఆమెకు అప్పుడు తెలిసింది.

“నేను రాను నాన్నా,” అంది. చేతిలోని చెప్పు కింద పెట్టేసింది. “ఫోన్ చేస్తే చేసుకో. నేను రాను.”

విల్మర్ చెయ్యి జేబులోని ఫోన్ వైపు వెళ్ళి ఆగిపోయింది.

“ఏమన్నా తిన్నావా?” అంది హెర్మెలిందా.

ఆమె ఒంటి చెప్పుతోనే లోపలికెళ్ళి, రాత్రి వండిన కోడికూర, అన్నం డబ్బాలో సర్ది తెచ్చింది. అతను డబ్బా తీసుకుని, తల వంచుకుని మెట్లు దిగిపోయాడు.

మధ్యాహ్నం వైద్యురాలు ఆమె భాషలోనే మాట్లాడింది. కొన్ని మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి చెప్పించింది. బొమ్మలు గీయించింది. తర్వాత ఇంటి సంగతులు అడిగింది. మావాడు మంచివాడేనమ్మా అంటూ మొదలుపెట్టిన హెర్మెలిందా, ఆగి ఆగి అంతా చెప్పింది. చివర్లో తనే అడిగింది.

“నాకు మతి ఎప్పట్నుంచి పోతోందంటారు?”

“మతికేమీ కాలేదమ్మా. మీ జ్ఞాపకశక్తి చక్కగా ఉంది. భయపడీ భయపడీ మీమీద మీకే నమ్మకం పోయింది. అది మెల్లగా తిరిగొస్తుంది.”

బయట కూర్చున్న సొయిలా, ఏమన్నారక్కా అంటూ లేచింది. హెర్మెలిందా ఆమె భుజం పట్టుకుంది.

“నాకు మతి బాగానే ఉందట.”

“ఆ సంగతి నాకు తెలీదా ఏంటి?”

“నాకే తెలీదు సొయిలా,” అంటూ హెర్మెలిందా భోరుమంది. సొయిలా ఊరుకోమనలేదు. దగ్గరకు తీసుకుని, తనివితీరా ఏడవనిచ్చింది.