మేడగది మెట్ల మీద

"మా ఆయన బీడీ వల్లే షెడ్డు తగలబడిందని యజమాని నలుగురిలో అంటున్నారమ్మా. ఆయన బీడీ మానేసి ఏళ్లయింది. పోయినవాడి మీద నింద వెయ్యడానికి నోరెలా వచ్చిందో!"

వడ్రంగి షెడ్డు కాపలాదారు భార్య కళ్లు ఎర్రబడ్డాయి గాని, గొంతు వణకలేదు. వకాలతు వదిలి నేరపరిశోధన చేపట్టినా ఆ డిటెక్టివ్ అందరికీ లాయరమ్మే. ఆమె వెంటనే లేచింది. అసిస్టెంట్ కెమెరా అందుకున్నాడు.

షెడ్డులో మిగిలింది బూడిద, నల్లబడ్డ ఇనుప మెట్లు. కాపలాదారు శవం ఆ మెట్ల పైన, మేడగది తలుపు దగ్గర దొరికింది. ఒంటికి చుట్టుకున్న దుప్పటి మడతల్లో ఇంకా తడి ఉందని పోలీసులు చెప్పారు.

"ఆ గదిలో ఎవరుంటారు?" అడిగింది లాయరమ్మ.

"మధ్యాహ్నాలు మా తమ్ముడు కునుకు తీస్తాడండీ. ఆ రోజు సెలవని సినిమాకెళ్లి బతికిపోయాడు," అన్నాడు యజమాని. "మా నాన్న పనిముట్లన్నీ పోయాయి. ముందురోజు నా చేత్తోనే లోపల పెట్టి తాళం వేశా."

తమ్ముడు తన ఇంటి వసారాలో చెక్కకు చిత్రిక పడుతున్నాడు. చిత్రిక పిడి అరిగి నున్నగా మెరుస్తోంది.

"పాతదిలా ఉందే?"

"మా నాన్నదండీ. ఇలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు."

సాయంత్రం లాయరమ్మ అందర్నీ తన గదికి పిలిపించింది.

"షెడ్డుతో పాటు కాలిపోవాల్సిన చిత్రిక నీ చేతిలో ఉంది," అంది తమ్ముడితో. "అంటే మంట లేవకముందే బయటికి తెచ్చావు. మంట వస్తుందని నీకు తెలుసు."

అసిస్టెంట్ నోరెళ్లబెట్టాడు. ఆ చిత్రికను తనూ చూశాడు మరి!

తమ్ముడి ముఖం పాలిపోయింది. "స్థలం అమ్ముదామంటే అన్నయ్య వినలేదు. షెడ్డు పోతే దిగొస్తాడనుకున్నా. కాపలా మామను భోజనానికి పంపాకే అంటించా. చంపాలని కలలో కూడా అనుకోలేదమ్మా!"

"నిప్పు పెట్టాలనైతే అనుకున్నావుగా. తెలిసి చేసిన నేరంలో ప్రాణం పోతే, అనుకోలేదంటే చట్టం వదిలిపెట్టదు. ఆ చావుకీ నువ్వే జవాబు చెప్పాలి." ఆమె గొంతు తగ్గింది. "పొగ చూసి ఆయన పరుగెత్తుకొచ్చాడు. బయటే నిలబడొచ్చు. కానీ నువ్వు పైన నిద్రపోతున్నావనుకున్నాడు. దుప్పటి తడిపి చుట్టుకుని, నీకోసమే మెట్లెక్కాడు."

తమ్ముడు నేలమీద కూలబడ్డాడు. యజమాని కాపలాదారు భార్య వైపు తిరిగి చేతులు జోడించాడు. "తప్పుగా మాట్లాడానమ్మా. క్షమించు."

"నలుగురిలో అన్నారు కదా, ఆ నలుగురిలోనే చెప్పండి." కాపలాదారు భార్య కొంగు సర్దుకుని లేచింది. "వెళ్లొస్తా లాయరమ్మా. వాళ్ల నాన్న ఎలాంటివాడో మా అమ్మాయికి నేనే చెప్పాలి."

తలెత్తుకుని వీధిలోకి నడిచింది. ఆమె మలుపు తిరిగేదాకా లాయరమ్మ గుమ్మంలో నిలబడే ఉంది.