కాటయ నాయకుని కడపటి ఆజ్ఞ

జ్యేష్ఠమాసపు మండుటెండలో మేఘగిరి దుర్గం ఉత్తరపు బురుజు మీద నిలిచి చూసినవారికి, చిలుకేరు ఆవలి గట్టు పొడవునా, చూపు ఆనినంత మేరా తెల్లని గుడారాలే కనిపించేవి. వజ్రపురి చక్రవర్తి ఏనుగుల వేటకు విచ్చేశారని మొదట కబురు వచ్చింది. వేటకు ముప్పైవేల కాల్బలమూ, కోటగోడలు కూల్చే యంత్రాలూ ఎందుకని మేఘగిరిలో ఎవ్వరూ పైకి అడగలేదు. అడగకుండానే అందరికీ తెలుసు. ఐదేళ్ల క్రితం నల్లమెట్టకు ఇట్లాగే వేటకు వచ్చి, అక్కడ తమ భాష మాటలాడే జనానికి రక్షణ కల్పిస్తామంటూ ఉండిపోయారు. మరి రెండేళ్లకు కంచరగిరి ప్రభువు తనకు తానై తలుపులు తెరిచి, చక్రవర్తి భటులను ఐదువందలమందిని అతిథులుగా లోనికి పిలుచుకున్నాడు. ఇప్పుడా ప్రభువు సొంత కోటలో పడకగది దాటాలన్నా ఆ అతిథుల అనుమతి కావలసిందే.

మేఘగిరిని ఏలుతున్నది కుందాంబిక. భర్త మరణించిన నాటినుండి నాలుగేళ్లుగా రాజ్యభారం మోస్తున్న ముప్పై ఏళ్ల రాణి. సహాయం కోరుతూ ఆమె దక్షిణాన ముగ్గురు రాజులకు లేఖలు పంపింది. ఒకరు సానుభూతి తెలుపుతూ పట్టువస్త్రాలు పంపారు. ఒకరు తమ జ్యోతిష్కులు దండయాత్రకు ముహూర్తం లేదన్నారని వ్రాశారు. మూడవవారు బదులే ఇవ్వలేదు. ఈలోగా చిలుకేటి మీద పడవలు వరుసగా కట్టి వంతెన వేసి, వజ్రపురి సేన ఇవతలి గట్టుకు దాటింది, కొండదారులన్నీ మూసింది. కోటలోని పదివేల ప్రాణాలకు మిగిలిన బయటి లోకం తలపై ఆకాశమొక్కటే.

అప్పుడు ధవళసింహుడనే దూత కొలువుకు వచ్చాడు.

"మహారాణీ, మా ప్రభువు మీకు శత్రువు కారు. మీ కోటలో మావారు ఐదువందలమంది కావలి ఉన్నారంటే, ఏ పరరాజూ మీవంక కన్నెత్తి చూడడు. అయితే మీ దండనాయకుడు కాటయ మా మనుషులను పదేపదే బెదిరిస్తున్నాడు. శాంతికి అడ్డు అతనొక్కడే. అతణ్ణి మాకు అప్పగించి, తలుపులు తెరవండి. మూడు దినాల గడువు."

దూత వెళ్లాక వృద్ధమంత్రి మంచన ప్రెగ్గడ లేచాడు. ముగ్గురు రాజుల వద్ద మంత్రిత్వం నెరపినవాడు. "ఏలినవారు చిత్తగించవలెను. రాజ్యం పోయినా ప్రజలు మిగలాలి. ఒక్క మనిషిని ఇచ్చి పదివేలమందిని కాపాడుకోవడం పాపం కాదు" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో కొలువులో ఎవరికీ తెలియదు. అతని ఏకైక పుత్రిక కంచరగిరిలో కాపురం చేస్తూ వజ్రపురివారి చేతికి చిక్కింది. ఆమె బ్రతకాలంటే, ఏటివైపు ఉన్న నీటివాకిలిని సమయం చూసి తెరిపిస్తానని ఆ తండ్రి రహస్యంగా మాట ఇచ్చి ఉన్నాడు.

సభ ముగిశాక కాటయ నాయకుడు ఒంటరిగా రాణి దర్శనం కోరాడు.

"అమ్మా, ఈ దూతకు ఇంత తొందర ఎందుకో ఆలోచించారా? అన్ని వేలమందికి తిండిగింజలు ఆ పడవల వంతెన మీదుగానే రావాలి. మృగశిర కార్తె ప్రవేశించింది. పడమటి కొండల్లో పెద్దవాన పడిన మర్నాడు చిలుకేటికి ఆ వంతెన ఒక లెక్క కాదు. మనకు కావలసింది పన్నెండు దినాలు. నన్ను ఇచ్చి, ఆ దినాలు పుచ్చుకోండి. కావలిభటులకు బస సిద్ధం చేయాలని చెప్పండి. నేను చేతికి చిక్కానన్న సంబరంలో ఒప్పుకుంటారు."

"నిన్ను చంపుతారు, నాయకా."

"చంపవచ్చు. అయితే ఈ ఆలోచన మనిద్దరి మధ్యనే ఉండాలి. మూడో మనిషికి తెలిస్తే దూతకు తెలుస్తుంది. నా ఇల్లాలికి కూడా చెప్పకండి."

రాణి "వెళ్లిరా" అన్నది. వెళ్లిరమ్మనడం తప్ప ఆ మాటకు వేరే అర్థం లేనట్లు అతడు నమస్కరించి బయలుదేరాడు.

కాటయ ఆయుధాలు లేకుండా కొండ దిగి శత్రుశిబిరానికి నడిచి వెళ్లడం కోటంతా చూసింది. అతడు చేతికి చిక్కగానే ధవళసింహుడు పన్నెండు దినాల గడువుకు ఒప్పుకున్నాడు. మంచన ప్రెగ్గడ మనుషులు వీధుల్లో మెల్లగా ఒక మాట వదిలారు: దండనాయకుడు ప్రాణం కాపాడుకున్నాడు, రేపు ఈ కోటకు వజ్రపురివారి తరఫున అధిపతిగా తిరిగి వస్తాడు. భయంలో ఉన్న జనం ఆ మాటను వెంటనే నమ్మారు. కాటయ ఇంటి తలుపుకు పేడ పులిమారు. అతని భార్య మేడమను బావి దగ్గరకు రానివ్వలేదు.

ఐదవనాడు మేడమ రాణి ఎదుటికి వచ్చింది. "అమ్మా, ఒక్కటే అడుగుతాను. నా పెనిమిటి ద్రోహియా, కాదా? మీ నోట వింటే చాలు."

చుట్టూ పరిచారికలున్నారు, మంత్రి ఉన్నాడు. రాణి "ఇంటికి వెళ్లు, మేడమా" అని మాత్రం అన్నది. మేడమ ఆమె ముఖంలోకి ఒక్కసారి చూసి, వెనుదిరిగి వెళ్లింది.

రోజులు ఒక్కొక్కటే గడిచాయి. మనిషికి రోజుకు గుప్పెడు జొన్నలు. కుందాంబిక ఉదయం లేస్తూనే పడమరకు చూసేది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఖాళీగా ఉండేది. తొమ్మిదవనాడూ అంతే, పదవనాడూ అంతే.

పదకొండవనాటి మధ్యాహ్నం పడమట మబ్బులు కమ్మాయి. వాటిని కోటలోవారే కాదు, ధవళసింహుడూ చూశాడు. తనను ఇన్నాళ్లూ ఎందుకు ఆపారో అప్పుడతనికి అర్థమైంది. గడువు మాట మరచి, పెద్దవాకిలి పగలగొట్టడానికి నుదుట ఇనుపరేకు బిగించిన ఏనుగును నడిపించాడు. ఆ ఏనుగు కుంభస్థలం మీద కాటయను గొలుసులతో కట్టించాడు.

బురుజు మీది విలుకాండ్రు ఎత్తిన విండ్లు దించేశారు. అదే బురుజు మీద మంచన ప్రెగ్గడ నిలిచి ఉన్నాడు. అతని ఉత్తరీయం చాటున పచ్చని గుడ్డ ఉంది. దాన్ని ఎత్తి ఊపితే నీటివాకిలి తెరుచుకుంటుంది.

"విలుకాండ్లారా!" కాటయ గొంతు గోడల దాకా ఖంగున వచ్చింది. "ఎవరు చెప్పారు మిమ్మల్ని విండ్లు దించమని? నేను మీ దండనాయకుణ్ణి. ఇంకా నన్నెవరూ ఆ పదవినుండి తొలగించలేదు. పది అడుగుల్లో ఈ ఏనుగు వాకిలి దగ్గరకు వస్తుంది. ఇది నా ఆజ్ఞ. వేయండి!"

ఒక్క బాణమూ కదలలేదు. కొందరు ఏడుస్తున్నారు. కాటయ ఇంటి తలుపుకు పేడ పులిమిన చేతులు వారిలోనూ ఉన్నాయి.

కుందాంబిక ముందుకు వచ్చింది. "దండనాయకుని ఆజ్ఞ వినబడలేదా? వేయండి" అన్నది. ఆమె కళ్లు మూసుకోలేదు.

బాణాలు వానలా కురిశాయి, కాటయ గొలుసుల్లోనే ఒరిగిపోయాడు. గాయపడిన ఏనుగు ఘీంకరించి వెనుదిరిగి, తన సేననే తొక్కుకుంటూ పరుగు తీసింది.

మంచన ప్రెగ్గడ మోకాళ్ల మీద కూలబడి, పచ్చని గుడ్డను రాణి పాదాల దగ్గర పెట్టాడు. "నీటివాకిలి మీద నా మనుషులున్నారు. వారిని మార్పించండి, తల్లీ. కాటయ మీద ఆ మాట పుట్టించిందీ నేనే."

అంతా విన్నాక రాణి అడిగింది: "మరి నీ కూతురు?"

వృద్ధుడు లేచి రెండు చేతులూ ముందుకు చాచాడు. భటులు అతణ్ణి చెరసాలకు తీసుకుపోయారు.

ఆ సాయంత్రమే వాన మొదలైంది. తెల్లవారేసరికి చిలుకేటి మీద వంతెన లేదు. తిండి అందని సేన పదిదినాలు పస్తులుండి, ఆయుధాలన్నీ గట్టున పారవేసి, తెప్పల మీద కొందరూ ఈదుతూ కొందరూ ఆవలికి దాటిపోయింది. ఎందరు దాటారో, ఎందరు మునిగారో తెలియదు. ఆవలి గట్టున గుడారాలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

శత్రువులు వదిలిపోయిన శిబిరంలో దొరికిన కాటయ దేహానికి అంత్యక్రియలు జరిగిన మర్నాడు జనమంతా మేడమ ఇంటి ముందు చేరి, తలలు వంచుకుని నిలబడ్డారు. రాణి కూడా కాలినడకన వచ్చింది. "ఆనాడు నీకు బదులు చెప్పలేకపోయాను, మేడమా."

మేడమ వాకిట్లోకి వచ్చింది. అందరినీ కలయజూసింది.

"ఏరు నాలుగు నెలలే పొంగుతుంది" అన్నది. "ఈ వానలకు తూర్పుగోడ పగిలి ఉంది. రాళ్లు మోయడానికి పదండి."

ఆమె ముందు నడిచింది. రాణి ఆమె వెనుక నడిచింది.